బిడ్డ ఏళ్ల తరబడి సిరోలిమస్ వాడుతుంటే ఇంట్లో ఏం చూసుకోవాలి

పీఐకే3సీఏ జన్యువులో మార్పు వచ్చి కాలో చెయ్యో అతిగా పెరిగే పిల్లలకు చాలామంది డాక్టర్లు సిరోలిమస్ రాస్తారు. ఇది పెరుగుదలను నెమ్మది చేస్తుందే తప్ప జన్యువును సరిచేయదు. అందుకే ఏళ్లపాటు వాడాలి, రక్తంలో మందు ఒకే తీరుగా ఉండాలి.

గోలీ రోజూ ఒకే టైముకు ఇవ్వండి. తిన్నాక ఇస్తే ఎప్పుడూ తిన్నాకే, పరగడుపునైతే ఎప్పుడూ పరగడుపునే. నూనె ఎక్కువున్న తిండితో ఒంటికి ఎక్కువ పడుతుంది. విరవొద్దు, నూరొద్దు. మింగలేని బిడ్డకు ద్రవ మందు అడగండి. దాన్ని గాజు లేదా ప్లాస్టిక్ గ్లాసులో కనీసం 60 మి.లీ. నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. అదే గ్లాసులో మరో 120 మి.లీ. నీళ్లు పోసి కలిపి అవీ తాగించాలి, లేకుంటే మందు గ్లాసుకే అంటుకుపోతుంది. సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, మూత తీసిన నెలలోపు వాడేయాలి. డోసు మరిచిపోతే తర్వాత రెండూ కలిపి ఇవ్వొద్దు.

ఎక్కువగా తేడా వచ్చేది లెవల్ పరీక్ష (రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్ష) దగ్గరే. రక్తం పొద్దటి డోసుకు ముందు తీయాలి. నల్గొండ నుంచో పాలమూరు నుంచో తెల్లారుజామున హైదరాబాద్ బస్సెక్కే తొందరలో అలవాటుగా గోలీ వేసేస్తే లెవల్ ఎక్కువ చూపిస్తుంది, డాక్టర్ డోసు తగ్గిస్తారు, ఆ తగ్గిన మందు బిడ్డకు చాలదు. గోలీ వెంట తీసుకెళ్లి, రక్తం తీశాక వేయండి. బిడ్డకు పెట్టుకున్న లెవల్ ఎంతో అడిగి రాసుకోండి; తక్కువ డోసు పద్ధతిలో 2–6, మరికొన్ని చికిత్సల్లో 10–15 నానోగ్రాములు (ఒక మి.లీ. రక్తానికి). పక్కింటి బిడ్డ అంకెతో పోల్చొద్దు.

జ్వరానికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే సిరోలిమస్ చీటీ ముందు చూపించాలి. క్లారిథ్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ లెవల్‌ను బాగా పెంచేస్తాయి. టీబీ మందు రిఫాంపిసిన్, ఫిట్స్ మందులు ఫెనిటోయిన్, కార్బమజెపిన్ పడగొడతాయి. పంపరపనస అసలే వద్దు. బత్తాయి రసం రోజూ తాగించే ఇళ్లు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

ఈ మందు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అదే రోజు పెద్ద దవాఖానకు వెళ్లండి. పోలియో చుక్కలు, ఎంఆర్ (తట్టు–రుబెల్లా) టీకా బతికున్న వైరస్‌తో చేసేవి. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు మందు సంగతి చెప్పి, డాక్టర్‌ను అడిగాకే వేయించాలి. నోటిపూత మామూలే, తినలేనంత అయితే చెప్పండి. కొలెస్ట్రాల్, రక్తకణాల పరీక్షలు మానొద్దు. పన్ను తీయించాలన్నా ఆపరేషన్ ఉన్నా ముందే చెప్పండి: పుండు ఆలస్యంగా మానుతుంది, కొన్ని రోజులు మందు ఆపాల్సి రావచ్చు.