చేప పొలుసుల పొర: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

చేపల మార్కెట్‌లో బొచ్చె, శీలావతి శుభ్రం చేశాక కుప్పగా మిగిలే పొలుసులను వెనిగర్‌లో నానబెట్టి కడిగి, వాటిలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను నీళ్ళలో వేడిచేసి జెలటిన్‌గా మార్చి, గ్లిజరిన్ కలిపి పళ్ళెంలో ఆరబెడితే, మట్టిలో కలిసిపోయే పలుచని ప్లాస్టిక్ పొర తయారవుతుంది. మొదటి విడతలోనే అది చక్కగా రావడం అరుదు.

ద్రావణం గడ్డకట్టదు.
ఇటువంటప్పుడు చాలామంది ఇంకాస్త మరిగిస్తారు. అది ఉన్న పటుత్వాన్నీ పోగొడుతుంది. ముందుగా ఒక చెంచాడు తీసి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి చూడాలి. అక్కడ జున్నులా బిగుసుకుంటే తప్పు ద్రావణానిది కాదు, గది వేడిది: చేప జెలటిన్ పశువుల జెలటిన్ కంటే తక్కువ వేడికే కరుగుతుంది కనుక మన వేసవిలో బయట బిగుసుకోదు, దానిని చల్లని గదిలోనే ఆరబెట్టాలి. ఫ్రిజ్‌లోనూ నీళ్ళలాగే ఉంటే ద్రావణం మరీ పలుచగా ఉందని గాని, అతిగా మరగడంతో ప్రోటీన్ గొలుసులు తెగిపోయాయని గాని గ్రహించాలి. మొదటిదైతే సన్నని వేడిపై నీటిని తగ్గించవచ్చు. రెండోదానికి మందు లేదు. మరుసటి విడతలో వేడి 60–70 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి.

పొర మసకగా, గరుకుగా వస్తుంది.
పొలుసులోని కాల్షియం లవణాలు పూర్తిగా పోలేదు. వెనిగర్‌లో నానిన పొలుసును వేళ్ళ మధ్య మడిచి చూడాలి: టప్పున విరిగితే ఇంకా నానాలి, తడి కాగితంలా మడత పడితే కడిగి వాడుకోవచ్చు. నీచు వాసన వస్తే కడగడం చాలలేదనే అర్థం.

అప్పడంలా విరుగుతుంది, లేదా చేతికి అంటుకుంటుంది.
రెండింటికీ మూలం గ్లిజరినే: తక్కువైతే విరుగుతుంది, ఎక్కువైతే అంటుకుంటుంది. 100 గ్రాముల ఎండు జెలటిన్‌కు 20 నుంచి 30 గ్రాములు సరిపోతుంది. కంటి అంచనా పనికిరాదు, తూచి వేయాలి. గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఏప్రిల్‌లో కుదిరిన మోతాదు వర్షాకాలంలో జిగురుగా తేలవచ్చు.

నీరు తగిలితే ఉబ్బి చెడిపోతుంది.
జెలటిన్ స్వభావమే అది. తోళ్ళను పదును చేయడానికి వాడే కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇక్కడా కొంతమేరకు పనిచేస్తుంది. అయితే కరక్కాయ కషాయాన్ని ద్రావణంలో పోస్తే జెలటిన్ విరిగిన పాలలా ముద్దలు కడుతుంది. కాబట్టి ఆరిన పొరనే చల్లార్చిన పలుచని కషాయంలో కొద్ది నిమిషాలు ముంచి తీయాలి. గోధుమ రంగు రావడం లోపం కాదు. నల్లబడితే మాత్రం కషాయం ఇనుప మూకుడులో కాచారన్నమాట. స్టీలు గిన్నెకు మారాలి.