ఒకటో తరగతిలోనే ప్రైవేటు బడికి మార్చాలా? ఇలా తేల్చుకోండి

ఎండలు ముదిరేసరికి మా ఊళ్లోకి ప్రైవేటు బడుల టీచర్లు కరపత్రాలు పట్టుకుని వస్తారు. ఇన్ని అడ్మిషన్లు తేవాలని వాళ్ల మీద ఒత్తిడి ఉంటుంది, పాపం. మిట్ట మధ్యాహ్నం వచ్చి మంచినీళ్లు అడిగి, అరుగు మీద కూర్చుని మొదలుపెడతారు. ఈ నెలలో చేరిస్తే అడ్మిషన్ ఫీజు లేదు, వ్యాను ఇంటి ముందుకే వస్తుంది, వచ్చే ఏడు అయితే సీటు దొరకదు. వాళ్లు వెళ్లాక పక్కింటి అక్క అందుకుంటుంది: "ఏం మా, మీవాన్ని ఇంకా ఈ బడికే పంపుతాండారా?"

మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలంలో ఒక పల్లె. పెద్దపాపను ఎల్‌కేజీలోనే టౌన్లో ప్రైవేటు బడిలో వేశాం. చిన్నోడు ఊరి బడిలోనే నాలుగో తరగతికి వచ్చాడు. పాప విషయంలో మేం ఏమీ ఆలోచించలేదు, అందరూ వేస్తుంటే వేశాం. రెండోసారి కాస్త కుదురుగా కూర్చుని ఆలోచించాం. అప్పుడు చేసిన పనులే ఇక్కడ రాస్తున్నా.

1. ఎందుకు మార్చాలనుకుంటున్నారో కాగితం మీద రాయండి

నోటితో చెప్పుకుంటే కుదరదు, రాయాలి. భార్యాభర్తలు విడివిడిగా రాస్తే ఇంకా మంచిది. మా ఇంట్లో నేను "ఇంగ్లీషు" అని రాశాను, మా ఆయన "బడిలో సార్లు చాలరు" అని రాశాడు. మా అత్త రాయలేదు గానీ, "బంధువుల్లో మనకే తక్కువా?" అంది. నిజం చెప్పాలంటే మొదటిసారి మమ్మల్ని నడిపించింది ఆ మూడోదే.

ఒక్కో కారణానికి మందు వేరు. ఇంగ్లీషే కారణమైతే, ఊరి బడిలో ఇప్పుడు ఏ పుస్తకాలు ఇస్తున్నారో తెప్పించి చూడండి. మన రాష్ట్రంలో సర్కారు పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి. మా పాప ప్రైవేటు బడిలో చదివిన పుస్తకాల్లో ఆ సౌకర్యం లేదు. అర్థం తెలియని మాటలు బట్టీ పట్టి అప్పజెప్పేది. సార్లు చాలరన్నది మాత్రం గట్టి కారణం. దాని సంగతి మూడో అంచెలో చూద్దాం.

2. పిల్ల ఇప్పుడు ఎక్కడుందో ఇంట్లోనే చూడండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని, పది నిమిషాలు చాలు. ప్రథమ్ సంస్థ వాళ్లు ఊళ్లలో చేసే అసర్ సర్వేలో పిల్లల చదువును ఇలాగే మెట్లుగా చూస్తారు: అక్షరం, మాట, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ.

బడి పుస్తకం వద్దు, అది కంఠతా వచ్చేసి ఉంటుంది. పిల్ల ఎప్పుడూ చూడని చిన్న కథ ఒకటి తీసుకోండి. ముందు కొన్ని గుణింతాలు చూపండి. తర్వాత ఒత్తులున్న మాటలు: అమ్మమ్మ, వజ్రం, కుక్కపిల్ల. ఆ పైన నాలుగు వాక్యాలు చదివించి, ఏం జరిగిందో సొంత మాటల్లో చెప్పమనండి. రెండో తరగతి దాటిన పిల్లయితే 52లోంచి 37 తీసేయమనండి. చేతివేళ్లు లెక్కపెట్టుకున్నా ఫర్వాలేదు, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం తెలుసా లేదా అన్నదే చూడాలి.

మా పాపకు మూడో తరగతిలో ఈ పరీక్ష పెట్టాను. ఇంగ్లీషులో వారాలు, నెలలు, రంగులు టకటకా చెప్పింది. తెలుగులో "కుక్కపిల్ల" దగ్గర ఆగిపోయింది. వాళ్ల డైరీలో మాత్రం అన్ని సబ్జెక్టులకూ ఏ గ్రేడే. నెలనెలా ఫీజు కట్టి, డైరీలో సంతకం పెట్టి, పిల్లకు ఏం వచ్చో నేను మూడేళ్లు చూడలేదు. తప్పు బడిది ఎంతో నాదీ అంతే.

పిల్ల ఇప్పుడున్న బడిలో చక్కగా చదువుతుంటే, బడి ఎంత పాతగా కనిపించినా అక్కడ ఎవరో పని చేస్తున్నట్టే. అలాంటప్పుడు తొందరపడి కదిలించకండి. చదవలేకపోతుంటే, బడి మార్చకముందే సార్‌ను కలిసి ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పండి. కొత్త బడికి వెళ్లినా ఆ మెట్టు దగ్గరే ఆగి ఉంటుంది. పైగా అక్కడ ఇంకో భాషలో పాఠం మొదలవుతుంది.

చిన్నతనంలోనే మారిస్తే చదువు బాగా వస్తుందా అన్నదాని మీద మన దగ్గరే ఒక పెద్ద పరిశోధన జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 పల్లెల్లో లాటరీ తీసి, పేరు వచ్చిన చిన్నపిల్లలకు ప్రైవేటు బడి ఫీజు ఇప్పించారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో ఆ పిల్లలకూ లాటరీ తగలని వాళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లిన వాళ్లు బాగా ముందున్నారు, సర్కారు ప్రాథమిక బడుల్లో అప్పుడు హిందీ దాదాపు చెప్పేవాళ్లు కాదు మరి. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి కూడా అదే ఫలితం తెచ్చాయి, ఒక్కో పిల్ల మీద బడి పెట్టే ఖర్చూ సర్కారు బడి కంటే తక్కువే. ఆ మాటా చెప్పాలి. 2015లో అచ్చయిన ఈ లెక్కలు చూశాక "ప్రైవేటు అంటే మంచి చదువు" అన్న మాట నేను అనడం మానేశాను. "సర్కారు బడి అంటే దండగ" అనడం అంతకుముందే మానేశాను.

3. రెండు బడులకూ వెళ్లి చూడండి

ఊరి బడిలో అడగాల్సింది ఒకటే: ఎన్ని తరగతులకు ఎంతమంది టీచర్లు? విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలి. అంటే చట్టం ప్రకారం అన్నీ సక్రమంగా ఉన్నా, ఐదు తరగతులను ఇద్దరే చూసుకోవచ్చు. ఒకరు సెలవు పెట్టినా, మీటింగుకు వెళ్లినా మిగిలింది ఒక్కరే. 2025 నుంచి తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు ఏర్పాటు చేశారు. దగ్గర్లో అలాంటిది ఉంటే ప్రైవేటుకు ముందు అక్కడికి వెళ్లి చూడండి. చాలామందికి ఈ మూడో దారి గుర్తే రాదు.

ప్రైవేటు బడిలో ఆఫీసు గదిలో కూర్చోబెట్టి మాట్లాడతారు. ఏసీ చల్లగా ఉంటుంది. అక్కడ తేల్చుకోకుండా మీరు వేయబోయే తరగతి గది చూపించమనండి. ఆ క్లాస్ టీచర్ ఎన్నేళ్లుగా ఉందో అడగండి. మా పాపకు రెండో తరగతిలో ఒకే ఏడాది ముగ్గురు టీచర్లు మారారు, సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చినామెకు పిల్లల పేర్లు తెలిసేసరికి పరీక్షలొచ్చాయి.

బడికి గుర్తింపు ఎన్నో తరగతి వరకు ఉందో, ఏ పేరు మీద ఉందో కాగితం చూడండి. ఐదు వరకే గుర్తింపు ఉండి పై తరగతులు నడిపేవి, ఒక బ్రాంచి గుర్తింపు మీద ఇంకో బ్రాంచి నడిపేవి ఉంటాయి. ప్రతి బడికీ సర్కారు ఇచ్చే 11 అంకెల నంబరు, యూడైస్ కోడ్, అడిగి రాసుకోండి. మండల విద్యాధికారి ఆఫీసులో ఆ కోడ్ చెబితే చూస్తారు.

4. ఖర్చు ఏడాదికి కాదు, పదో తరగతి దాకా వేయండి

ఉదాహరణకు ఫీజు 22,000, వ్యాను నెలకు 1,200 చొప్పున పది నెలలకు 12,000, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, టై బెల్టులకు 8,000 అనుకుందాం. 42,000 అయింది. ఫీజు అసలు పెరగకపోయినా ఒకటి నుంచి పది దాకా 4,20,000. ఇద్దరు పిల్లలైతే రెట్టింపు. మధ్యలో ఆపాల్సి వస్తే పిల్ల మనసు ఎక్కువ నలిగేది ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో. అంత మోయగలమా లేదా అన్నది ఇప్పుడే చూసుకోవాలి.

మన వైపు ఇంకో చిక్కుంది. ఫీజు మొదటి కంతు జూన్‌లో అడుగుతారు. చెనిక్కాయ విత్తనానికి, ఎరువుకు డబ్బు కావాల్సిందీ అప్పుడే. పంట డబ్బు చేతికొచ్చేది దసరా, దీపావళి దాటాక. చాలా బడులు అడిగితే కంతులు మారుస్తాయి, కానీ చేరకముందు అడగాలి, రాతపూర్వకంగా తీసుకోవాలి. చేరాక అడిగితే పిల్లను పరీక్ష రోజు బయట నిలబెట్టడం చూశాను.

సర్కారు బడికి పంపితేనే తల్లికి వందనం వస్తుందని, ప్రైవేటుకు పంపితే పోతుందని కొందరు అనుకుంటారు. అలా లేదు. 2025 జూన్‌లో మొదలైన ఆ పథకం రెండు చోట్ల చదివే అర్హులైన పిల్లలకూ వర్తిస్తుంది. 15,000లో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు. కాబట్టి దాన్ని ఏ వైపూ లెక్కలోకి తీసుకోకండి.

5. తొందరపడితే పోయే అవకాశాలు, ఆలస్యమైతే పోయేవి

దీని గురించి మాకు ఎవరూ చెప్పలేదు. కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ బడి నవోదయలో ఆరో తరగతి సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు. ఆ కోటా కావాలంటే 3, 4, 5 తరగతులు మూడేళ్లూ పల్లె ప్రాంతంలోని గుర్తింపు ఉన్న బడిలోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు టౌన్ బడిలో చదివినా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. మన ఉమ్మడి జిల్లాకు లేపాక్షిలో, కర్నూలు వైపు బనవాసిలో నవోదయ ఉంది. మా పాప టౌన్ బడిలో చదివింది కాబట్టి మాకు ఆ కోటా దారి మూసుకుపోయింది. చిన్నోడికి ఇంకా ఉంది. వాడిని ఐదు దాకా కదిలించకూడదనుకోవడానికి సగం కారణం ఇదే. గురుకులాల్లో ఐదో తరగతికి, మోడల్ స్కూళ్లలో (పైన చెప్పిన మోడల్ ప్రైమరీ స్కూళ్లు కావు ఇవి) ఆరో తరగతికి ప్రవేశాలు ఉంటాయి, అవీ మనసులో పెట్టుకోండి.

ఆలస్యమైతే పోయేది ఒకటుంది. విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. మన రాష్ట్రంలో ఇది ఒకటో తరగతిలో చేరేటప్పుడే. రెండో తరగతికి వచ్చాక అడిగితే లేదు. అర్హత ఉన్నవాళ్లు బడి తెరవకముందు నెలల్లో నోటిఫికేషన్ కోసం గ్రామ సచివాలయంలో వాకబు చేస్తూ ఉండండి. పిల్ల ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో పేరు ఒకేలా ఉండేట్టు ముందే సరిచేయించుకోండి. ఈ సీటు దొరికే వీలుంటే మాత్రం నేను పైన చెప్పిన "తొందరపడి కదిలించకండి" అన్న మాట పట్టించుకోకండి. ఒకటికే వేసేయొచ్చు, ఇంట్లో తెలుగు చదివించే పని మీరు పెట్టుకుంటే చాలు.

6. మార్చాలనే తేలితే

జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు, ఆ రోజే చేర్చండి. మధ్యలో మార్చకండి. వ్యాను ఎక్కే టైమ్ ఎంతో అడిగి, వారం రోజుల ముందు నుంచే పిల్లను ఆ వేళకు లేపండి. మా పాప ఏడుంపావుకే ఎక్కాల్సి వచ్చేది, ఒక్క రోజు కూడా సరిగ్గా తిని వెళ్లింది లేదు. మొదటి మూడు నెలలు ట్యూషన్ పెట్టకండి. కొత్త బడిలో చెప్పింది పిల్లకు ఎంత ఎక్కుతోందో మీకు తెలియకుండా పోతుంది. దసరా సెలవుల్లో రెండో అంచెలో చెప్పిన పరీక్ష మళ్లీ పెట్టండి.

తిరిగి ఊరి బడికి తేవాల్సి వస్తే సిగ్గుపడకండి. బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఆపుతానంటే భయం వద్దు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, ఎనిమిదో తరగతి వరకు టీసీ రావడం ఆలస్యమైందని సర్కారు బడి పిల్లను చేర్చుకోకుండా ఉండకూడదు. నాలుగో తరగతికి మా పాపను వెనక్కి తెచ్చినప్పుడు టీసీ రావడానికి రెండు నెలలు పట్టింది. హెడ్‌మాస్టర్ సారు పాపను మొదటి రోజే క్లాసులో కూర్చోబెట్టి, "కాగితం ఎప్పుడో వస్తుంది లేమ్మా, పిల్లను రేపటి నుంచి పలక కూడా తెమ్మను" అన్నాడు.