కేబుల్ వదులై ఫాస్ట్ ఛార్జింగ్ పోయిందా? బోర్డు మార్పించే ముందు ఇది చూడండి

లక్షణం ఇది: ఫోన్‌కి పెట్టిన సీ టైప్ కేబుల్ కాస్త కదిలితే ఛార్జింగ్ ఆగుతుంది, ఫాస్ట్ ఛార్జింగ్ గుర్తు రాదు. 3 కేబుళ్లు, 2 అడాప్టర్లు మార్చి చూశాను, ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాను, అన్నీ దండగే. సర్వీస్ సెంటర్‌లో పోర్టు లోపలికి లైటు వేసి కూడా చూడకుండానే సబ్ బోర్డు (ఛార్జింగ్ పోర్టు ఉండే చిన్న సర్క్యూట్ బోర్డు) మార్చాలన్నారు. ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

అసలు కారణం పోర్టులో చేరిన జేబులోని నూగు. కేబుల్ పెట్టిన ప్రతిసారీ అది వెనక్కి నొక్కుకుపోయి బిళ్లలా గట్టిపడుతుంది. ప్లగ్ పూర్తిగా దిగదు, దాని ఇనుప అంచు సుమారు 1 మి.మీ. బయటే కనిపిస్తుంది. దాంతో అడాప్టర్‌తో మాట్లాడే సీసీ పిన్ను సరిగా ఆనదు, ఫాస్ట్ ఛార్జింగ్ మొదలవదు.

ముందు ఫోన్ స్విచ్ఛాఫ్ చేయండి. చెక్క టూత్‌పిక్ కొనను బ్లేడుతో పలచగా, చదునుగా చెక్కండి. పోర్టు మధ్యలో పిన్నులుండే పలుచని నాలుకను తాకకుండా, పోర్టు గోడ వెంట అడుగుదాకా దించి, నూగును పక్కనుంచి గీకుతూ బయటికి లాగండి. లోపలికి నెట్టొద్దు. నాలుకకు రెండు వైపులా చేయాలి. బూడిదరంగు ముద్ద ఊడి వస్తుంది. గుండుసూది మాత్రం వద్దు, పిన్నులు దెబ్బతినొచ్చు. తర్వాత కేబుల్ పెడితే టక్కుమని కూర్చోవాలి.

అందరికీ ఇదే పనిచేస్తుందని చెప్పలేను. ప్లగ్ గట్టిగా కూర్చున్నా ఛార్జింగ్ నెమ్మదిగానే ఉంటే, లేదా పిన్నులపై పచ్చగా చిలుము కనిపిస్తే, అప్పుడు సబ్ బోర్డు మార్చక తప్పకపోవచ్చు.