కారు నంబర్ ప్లేటు మోత లేకుండా, ఊడకుండా బిగించే పద్ధతి

నంబర్ ప్లేటు రోడ్డు మీద పడిపోతే స్క్రూ వదులై ఊడిందనుకుంటారు చాలామంది. వంగి బంపర్ చూస్తే ఎన్నోసార్లు స్క్రూలు ఎక్కడివక్కడే గట్టిగా ఉంటాయి, చినిగింది ప్లేటే. రంధ్రం పక్కన వెంట్రుకంత గీత మొదలవుతుంది. అది మెల్లగా అంచుదాకా పాకుతుంది. ఒకరోజు స్క్రూ తలను అక్కడే వదిలేసి ప్లేటు జారిపోతుంది. ప్లేటంటే ఒక మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు. వెనక ఆనిక లేకపోతే 44వ నంబరు హైవే మీద లారీ పక్కనుంచి పోయిన ప్రతిసారీ అది కొట్టుకుంటుంది. ఆ వంగడం, లేవడం అంతా రంధ్రం చుట్టూనే జరుగుతుంది. అందుకే ఈ పనిలో స్క్రూ కంటే ముందు చూసుకోవాల్సింది ప్లేటు వెనక ఖాళీ.

ముందు ప్లేటు సంగతి. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన కార్లకు హై సెక్యూరిటీ ప్లేటును కంపెనీయే ఇవ్వాలి, షోరూమ్‌లో బిగించి ఇవ్వాలి. ఏపీ 21, ఏపీ 02, ఏపీ 04 నంబర్లున్న పాత కర్నూలు, అనంతపురం, కడప బండ్లకైతే మీరే బుక్ చేసుకుని బిగించుకోవాలి. అసలు ప్లేటు గుర్తుపట్టడం తేలిక. ఎడమవైపు పైన 20 మిల్లీమీటర్ల అశోకచక్రం హోలోగ్రామ్, దాని కింద నీలం రంగులో ఐఎన్‌డీ అక్షరాలు, ఎడమవైపు అడుగున లేజర్‌తో చెక్కిన సంఖ్య ఉంటాయి. ఉబ్బెత్తు అక్షరాల మీది నల్ల ఫిల్మ్‌లో ఇండియా అనే మాట ఏటవాలుగా కనబడుతుంది. స్టిక్కర్ షాపులో కొట్టించిన ప్లేటు ఎంత అందంగా ఉన్నా దీనికి బదులు కాదు. ఈ ప్లేటును స్నాప్‌లాక్‌తోనే, అంటే మళ్లీ విప్పడానికి వీల్లేని పిన్నుతోనే బిగించాలి. ఒకసారి పడితే కోసి తీయాల్సిందే, తీసినది మళ్లీ పనికిరాదు. ఆ పని ప్లేటు బిగించే సెంటర్ వాళ్లది. దానికి ముందు హోల్డర్ (ప్లేటు వెనక ఉండే చట్రం), ఆనిక, రంధ్రాల కొలత సరిగ్గా ఉండేలా చూసుకోవడం మాత్రం మీ చేతిలో ఉంది. అక్కడ నిలబడి చూసుకోకపోతే పది నిమిషాల్లో కానిచ్చి పంపేస్తారు.

కార్లకు ఎక్కువగా వచ్చే కొలత 500 × 120 మిల్లీమీటర్లు. కొన్ని బండ్లకు వెనక 340 × 200 వస్తుంది. హోల్డర్ కొనేటప్పుడు ప్లేటు రంధ్రాలను హోల్డర్ రంధ్రాల మీద పెట్టి చూడండి. కలవకపోతే హోల్డర్ మార్చండి, లేదా హోల్డర్‌కే కొత్త రంధ్రం వేయండి. ప్లేటుకు మాత్రం డ్రిల్ తగిలించకండి. అక్షరం మీదో, హోలోగ్రామ్ మీదో రంధ్రం పడిందంటే ఆ ప్లేటు పోయినట్టే. హోల్డర్ అంచు కూడా ఏ అక్షరాన్నీ, లేజర్ సంఖ్యనూ కప్పకూడదు. షోరూమ్ పేరు పెద్దగా రాసిన ఫ్రేములు కొన్ని అడుగున లేజర్ సంఖ్యను మింగేస్తాయి.

ముందు బంపర్‌కు కావాల్సిన సామాను ఇది. హోల్డర్ ఒకటి. 6 ఎంఎం స్టెయిన్‌లెస్ బోల్టులు నాలుగు, 20 మిల్లీమీటర్ల పొడవువి. వాటికి నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లు నాలుగు. 18 మిల్లీమీటర్ల వెడల్పు వాషర్లు ఎనిమిది. 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందం ఫోమ్ పట్టీ ఒక మీటరు. మాస్కింగ్ టేపు, 6.5 ఎంఎం డ్రిల్ బిట్టు, 10 నంబరు పానా. ఫోమ్ కొనేటప్పుడు వేలితో నొక్కి, నీళ్లలో ముంచి చూడండి. స్పాంజిలా నీళ్లు పీల్చేది వద్దు. వానాకాలమంతా తడిగా ఉండి ప్లేటు వెనకంతా తెల్లగా పొడి కట్టిస్తుంది.

డ్రిల్ పట్టుకునే ముందు హోల్డర్‌ను బంపర్‌కు ఆనించి, నాలుగు మూలల్లో వేలు దూర్చి చూడండి. బంపర్ ఎప్పుడూ చదునుగా ఉండదు. మధ్యలో ఆని చివర్లు గాలిలో ఉంటాయి, లేదంటే చివర్లు ఆని మధ్యలో బోలుగా ఉంటుంది. ఖాళీ 5 మిల్లీమీటర్ల లోపైతే ఫోమ్ సరిపోతుంది. ఎక్కువైతే ఆ చోట రబ్బరు బుష్షో, అంతే మందం నైలాన్ ముక్కో పెట్టి, బోల్టు దాని మధ్యనుంచి పోయేలా చేయండి. కొందరు బంపర్ వంపుకు తగ్గట్టు ప్లేటునే మోకాలి మీద పెట్టి వంచుతారు. అక్షరాల మీది ఫిల్మ్ అక్కడే పగులుతుంది, కెమెరాకు నంబరు సరిగా పడదు.

హోల్డర్ మధ్య గీతను కారు లోగో మధ్యకు కలిపి మాస్కింగ్ టేపుతో అతికించండి. రసమట్టం పెట్టి చూడకండి, బండి నిలిపిన నేల వాలుగా ఉంటే ప్లేటు వంకర వస్తుంది. బంపర్ గీతలకు సమానంగా ఉందో లేదో పది అడుగులు వెనక్కి పోయి చూస్తే చాలు. కంపెనీ చూపించిన చోటు నుంచి కిందికి, గాలి పోయే జాలీ మీదికి దించకండి. మే నెలలో కర్నూలు ఎండకు రేడియేటర్‌కూ ఏసీకీ ఆ గాలి కావాలి. పార్కింగ్ సెన్సార్, రాడార్ ఉన్న బండ్లలో వాటి ముందుకు ప్లేటు అంచు కూడా రాకూడదు. క్రాష్ గార్డుకు ప్లేటు కట్టే ఆలోచన మానుకోండి. ఆ గార్డులే చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

రంధ్రం వేసే చోట బంపర్ వెనక ఏముందో టార్చి వేసి చూడండి. ఫాగ్ ల్యాంప్ వైరు, ఏసీ కండెన్సర్ దగ్గరలోనే ఉంటాయి. బిట్టు కొననుంచి 15 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టుకుంటే అంతకంటే లోపలికి పోకుండా గుర్తు ఉంటుంది. నిదానంగా తిప్పండి. వేగంగా తిప్పితే ప్లాస్టిక్ కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది, రంధ్రం వదులవుతుంది. హోల్డర్‌లో ఒకవైపు రంధ్రాలు గుండ్రంగా, రెండోవైపువి అడ్డంగా రెండు మూడు మిల్లీమీటర్లు కోలగా ఉండాలి. ప్లాస్టిక్ బంపర్ ఎండకు సాగి రాత్రికి ముడుచుకుంటుంది, అల్యూమినియం అంత సాగదు. రెండు వైపులా బిగదీస్తే ఆ లాగుడంతా రంధ్రాల మీద పడుతుంది.

బోల్టు తల ముందువైపు, నట్టు బంపర్ వెనక వైపు ఉండాలి. రెండు పక్కలా వెడల్పు వాషర్ తప్పనిసరి. చిన్న వాషర్ పెడితే ఆరు నెలలకు ప్లాస్టిక్‌లోకి దిగిపోతుంది. ఇంపాక్ట్ గన్ను పక్కన పెట్టి చేతి పానాతో బిగించండి. వాషర్ చుట్టూ ప్లాస్టిక్ గుంట పడుతుంటే ఎక్కువైనట్టు, పావు చుట్టు వెనక్కి తిప్పండి. తర్వాత హోల్డర్ లోపల ఫోమ్ పట్టీలు పైన ఒకటి, మధ్యలో ఒకటి అతికించి, కింద మాత్రం నీళ్లు కారడానికి రెండు చోట్ల ఖాళీ వదలండి. స్నాప్‌లాక్ పడేటప్పుడు ప్లేటు ఆ ఫోమ్‌ను కొంచెం నొక్కుతూ కూర్చోవాలి. లాక్ వేయకముందే ప్లేటును అదిమి పట్టుకుని వేలి కణుపుతో మధ్యలో కొట్టి చూడండి. మొద్దు చప్పుడు వస్తే సరే. గలగలమంటే అప్పుడే అడగండి, లాక్ పడ్డాక మళ్లీ విప్పడానికి వీలుండదు.

డబుల్ టేపుతోనే అతికిస్తే రంధ్రాల బాధ ఉండదుగా అని అడుగుతారు. మంచి అక్రిలిక్ ఫోమ్ టేపు రంగు వేసిన బంపర్‌ను గట్టిగానే పట్టుకుంటుంది. రంగు వేయని నల్ల గరుకు ప్లాస్టిక్ మీద మాత్రం సరిగా పట్టదు. పోతే ఎలా పోతుందో బేతంచెర్ల, తాడిపత్రి బండల లారీల దారిలో తిరిగే బండ్లను చూడండి. టేపు అంచున ముందు సన్నని దుమ్ము గీత కడుతుంది. ఎండకు అంచు లేస్తుంది, లేచిన చోట ఇంకా దుమ్ము దూరుతుంది, ఒక మూల వేలాడుతుంది. వాడదలిస్తే బోల్టులకు తోడుగా వాడండి. సర్వీసింగ్‌లో పూసిన పాలిష్ అంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పొద్దున్నే నీడలో, బంపర్ చేతికి వేడి తగలనప్పుడు అతికించి గట్టిగా అదమండి. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. మూడు రోజులు వాటర్ సర్వీసింగ్ వద్దు. కేబుల్ టైలు దారిలో ఇల్లు చేరడానికే. తెల్లవి ఎండకు పెళుసెక్కి తెగుతాయి.

వెనక డిక్కీకి తిప్పలు వేరు. అక్కడ ఉన్నది ఇనుప రేకు, కంపెనీ రంధ్రాల్లో ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి. పాతబడితే బుష్ స్క్రూతో పాటే తిరుగుతుంది. అప్పుడు లావు స్క్రూ కొట్టకండి, బుష్ మార్చండి. పొడవు స్క్రూలు లోపల ప్లేటు లైటు వైరునో, కెమెరా వైరునో గీరుతాయి. రేకు దాటి 12 మిల్లీమీటర్ల కంటే లోపలికి పోకూడదు. కొత్త రంధ్రం వేయక తప్పకపోతే అంచుకు ప్రైమర్, టచప్ రంగు పూసి ఆరాకే బుష్ పెట్టండి. మామూలు ఇనుప స్క్రూ అయితే రెండు వానలకే ప్లేటు మీద గోధుమరంగు చారలు దిగుతాయి. డిక్కీ వేసినప్పుడల్లా టంగుమంటే అడుగు అంచున ఫోమ్ లేనట్టే. ఆఖరున రాత్రి ప్లేటు లైటు వేసి 15 మీటర్ల దూరం నుంచి నంబరు చదవండి. రూల్ అడిగేది అదే దూరం. హోల్డర్ పై అంచు మందంగా ఉంటే దాని నీడ అక్షరాల మీద పడుతుంది.

ప్లేటు మీద అక్రిలిక్ కవరు, ఫిల్మ్ వేయకండి. దుమ్ము లోపల చేరి పేరుకుంటుంది, రాత్రి మెరుపుకు నంబరు కనబడదు. థిన్నర్, కిరోసిన్ గుడ్డతో తుడిస్తే అక్షరాల నలుపు లేచిపోతుంది, సబ్బునీళ్లు చాలు.

బంపర్‌కు పెయింట్ వేయించేటప్పుడే ఎక్కువ ప్లేట్లు పాడవుతాయి. షెడ్డులో స్నాప్‌లాక్ కోసేసి, పని అయ్యాక సెల్ఫ్ స్క్రూలు కొట్టి ఇచ్చేస్తారు. హోల్డర్ నట్లు బంపర్ వెనక ఉంటే ప్లేటును ముట్టుకోకుండా హోల్డర్‌తో సహా విప్పొచ్చు. బండి అప్పగించేటప్పుడే ఆ నాలుగు నట్లు చూపించి, జాబ్ కార్డులో ఆ మాట రాయించండి.