చాలా ఏళ్ల తర్వాత హ్యామ్ రేడియోను మళ్ళీ మొదలుపెట్టడం ఎలా?

పాతికేళ్ల క్రితం హ్యామ్ రేడియో (సరదా కోసం సొంత సెట్టుతో దూరాలవాళ్ళతో మాట్లాడుకునే రేడియో) లైసెన్సు తీసుకుని, ఆ తర్వాత ఉద్యోగం, పిల్లల చదువులు, ఇళ్లు మారడాల మధ్య రిగ్‌ను, అంటే రేడియో సెట్టును, అటకెక్కించేసినవాళ్ళు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. రిటైరయ్యాక మనసు మళ్ళీ అటు లాగుతుంది. వెంటనే కొత్త రిగ్ కొనేయాలనిపిస్తుంది. అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. ముందు కాగితాలు, తర్వాత యాంటెన్నా, ఇంట్లోని రొద (కరెంటు పరికరాల వల్ల రేడియోలో వినిపించే గరగర), ఆపైన వినడం. ఈ నాలుగూ కుదిరితే అటక మీది పాత సెట్టే సరిపోవచ్చు.

కాగితాలు

బీరువాలో లైసెన్సు వెతికి మూడు విషయాలు చూడండి: గడువు తేదీ, గ్రేడు, స్టేషన్ చిరునామా. పాత గ్రేడులు పోయి ఇప్పుడు జనరల్, రిస్ట్రిక్టెడ్ అనే రెండే ఉన్నాయి. జనరల్ వాళ్ళకు వీయూ2తో, రిస్ట్రిక్టెడ్ వాళ్ళకు వీయూ3తో కాల్‌సైన్ (గాలిలో మీ గుర్తింపు పేరు) మొదలవుతుంది. గడువు దాటి ఉంటే రెన్యువల్ అయ్యేదాకా మైకు ముట్టుకోకండి. రెన్యువల్‌కీ, చిరునామా మార్పుకీ టెలికాం శాఖలో రేడియో లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ విభాగానికే దరఖాస్తు చేయాలి. ఇప్పుడు అది సరళ్ సంచార్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో జరుగుతుంది. పాత సర్టిఫికెట్ మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉండటం మనలో మామూలే. ఆ తేడా ఉందేమో దరఖాస్తుకు ముందే చూసుకోండి.

పరీక్ష మళ్ళీ రాయాల్సి వచ్చినా బెంగపడక్కర్లేదు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) అవసరం లేదు. జనరల్‌కు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ పంపడం, అందుకోవడం రావాలి. ఒకప్పుడు మోర్స్ కీ పట్టిన చేతికి అది తిరిగి అలవాటవుతుంది. సాయానికి మన ఊళ్ళోనే 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఉండి, అత్యవసర సందేశాలు చేరవేసింది ఆ సంస్థ బృందమే. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో కూడా ఒక హ్యామ్ క్లబ్బు నడుస్తోంది. ఒంటరిగా మొదలుపెట్టడం కన్నా ఒకరిద్దరిని పరిచయం చేసుకుని మొదలుపెట్టడం మేలు. ఒక మనిషి, ఒక ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చూపేది) అరువు దొరికితే సగం పని అయినట్టే.

పాత సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకండి

ఏళ్ల తరబడి కదలని సెట్టులో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. పూర్తి వోల్టేజీ ఒక్కసారిగా ఇస్తే అవి షార్టయి, ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా కాల్చేస్తాయి. మెయిన్స్ మీద నడిచే పాత సెట్టుకు వరసలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు కలపండి. మెకానిక్‌లు వాడే సీరీస్ బల్బు ఇదే. దీనికి ఎల్ఈడీ బల్బు పనికిరాదు. బల్బు క్షణం వెలిగి మసకబారితే పర్వాలేదు. ప్రకాశవంతంగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టుంది, ఆపేయండి.

వాల్వులూ ట్రాన్సిస్టర్లూ రెండూ ఉన్న హైబ్రిడ్ సెట్టయితే వాల్వు ప్లేటు దగ్గర 600 వోల్టులు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్లలో ఆ వోల్టేజీ నిలిచి ఉంటుంది. మూత తెరిచాక 22 కిలో ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న వైర్లతో కెపాసిటర్‌కు కాసేపు తాకించి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. ఈ పని రానివాళ్ళు వచ్చినవాళ్ళ చేత చేయించుకోవాలి. ఇందులో మొహమాటం వద్దు.

13.8 వోల్టుల ట్రాన్సిస్టర్ సెట్టు సులువు. వినేటప్పుడు ఒకటిన్నర ఆంపియర్లలోపే లాగుతుంది. 100 వాట్లతో మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్ల పైచిలుకు. ఇక్కడ చాలామంది పట్టించుకోనిది పవర్ వైరు. రెండు మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే, రానూపోనూ కలిపి సుమారు 0.6 వోల్టు అందులోనే పోతుంది. మాట్లాడేటప్పుడల్లా డిస్‌ప్లే మసకబారడం, అవతలివాళ్ళు మీ ఆడియో వణుకుతోందనడం దీనివల్లే. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడండి. బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజు తప్పనిసరి.

అటక మీది యాంటెన్నా కేబుల్‌నూ (కోయాక్స్) నమ్మవద్దు. చివర అరడుగు కోసి చూడండి. లోపలి జల్లెడ తీగ నల్లబడి ఉంటే నీళ్ళు దిగినట్టే, పారేయండి.

యాంటెన్నా

హైదరాబాద్‌లో మూడు నాలుగు అంతస్తుల ఇంటి మిద్దెకు తగిన మొదటి యాంటెన్నా 40 మీటర్ల బ్యాండ్ (సుమారు 40 మీటర్ల తరంగదైర్ఘ్యం) డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిసి రెండు వైపులా సాగే తీగ. మనకు ఈ బ్యాండు 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ దాకా ఉంది. దక్షిణాదిలో పొద్దుటిపూట మాటలన్నీ ఇక్కడే. పైగా ఇదే తీగ 21 మెగాహెర్ట్జ్ మీద కూడా పనికొస్తుంది.

లెక్క ఇది: 143ను మెగాహెర్ట్జ్‌లలో ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20.14 మీటర్లు, అంటే ఒక్కో చేయి (మధ్య నుంచి ఒకవైపు తీగ) 10.07 మీటర్లు. ఇళ్ల వైరింగ్‌కు వాడే 1.5 లేదా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. తొడుగున్న వైరు కాబట్టి అసలు పొడవు రెండు మూడు శాతం తగ్గుతుంది. అయినా ఒక్కో చేయి 10.30 మీటర్లకే కోయండి. తగ్గించడం తేలిక, అతకడం కష్టం.

వైరు, కనెక్టర్లు, ఫెరైట్ రింగులకు కోఠిలో గుజరాతీ గల్లీ, బ్యాంక్ స్ట్రీట్. పైపులు, కప్పీలు, తాళ్లకు రాణీగంజ్. తాడు నైలాన్ వద్దు, సాగుతుంది. మన ఎండకు రెండు వేసవులు ఆగదు. పాలిస్టర్ తాడు తీసుకోండి. చివర ఇన్సులేటర్లుగా పీవీసీ పైపు ముక్కలు సరిపోతాయి.

వాటర్ ట్యాంకు దిమ్మెకు క్లాంపులతో ఒక పైపు బిగించి, మిద్దె నేల నుంచి 6 మీటర్ల ఎత్తున కప్పీ కట్టండి. మధ్యభాగాన్ని దాని మీదుగా పైకి లాగి, రెండు చివరలనూ పిట్టగోడ మూలలకు తాళ్లతో కట్టండి. రెండు చేతుల మధ్య కోణం 90 డిగ్రీలకన్నా తగ్గకూడదు. చివరలు మనిషి చేతికి అందకూడదు, ప్రసారమప్పుడు అక్కడ వోల్టేజీ చాలా ఎక్కువ. కప్పీ ఉంటే సర్దుబాటుకు ట్యాంకు నిచ్చెన ఎక్కే పని ఉండదు. అరవై దాటాక ఈ ఒక్క ఏర్పాటు చేసుకుంటే సగం బెంగ తీరుతుంది. వీధి కరెంటు తీగలకు ఏ వైపునుంచీ దగ్గరగా పోకూడదు. తీగ తెగి పడినా, పైపు ఒరిగినా వాటిని తాకనంత దూరం ఉండాలి.

కేబుల్ డైపోల్‌ను కలిసే చోట చోక్ వేయండి. 31 రకం మిశ్రమంతో చేసిన 2.4 అంగుళాల ఫెరైట్ రింగు చుట్టూ సన్నటి కోయాక్స్ 12 చుట్లు చాలు. ఇది లేకపోతే కేబుల్ పైతొడుగు కూడా యాంటెన్నాలా పనిచేసి, ఇంట్లోని రొదనంతా రిసీవర్‌లోకి మోసుకొస్తుంది.

ఇక ట్యూనింగ్. నానో వీఎన్‌ఏ అనే చిన్న పరికరంతో ఎస్‌డబ్ల్యూఆర్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కనిష్ఠమో చూడండి. 6.950 దగ్గర కనిపించిందనుకోండి. కావాల్సింది 7.100, తేడా 150 కిలోహెర్ట్జ్. ఈ బ్యాండులో ఒక్కో చేయి ఒక సెంటీమీటర్ తగ్గితే సుమారు 7 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. కాబట్టి ఒక్కోవైపు 21 సెంటీమీటర్లు తగ్గాలి. కోయకుండా వెనక్కి మడిచి, తీగనే ఆనించి గట్టిగా మెలిపెట్టండి. ముందు 15 సెంటీమీటర్లు మడిచి మళ్ళీ కొలవండి. ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతకీ 2కు దిగకపోతే, పొడవు కన్నా ముందు కనెక్టర్‌ను అనుమానించండి. టంకం సరిగ్గా పట్టని పీఎల్-259 కనెక్టర్ వల్ల వచ్చే తంటాలే ఎక్కువ.

రొద

చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చినవాళ్ళను దిగాలుపరిచేది ఇదే. ఒకప్పుడు నిశ్శబ్దంగా ఉన్న బ్యాండు మీద ఇప్పుడు సంకేతం బలం చూపే మీటరు, రొదతోనే, ఎస్9 అనే బలమైన స్థాయి దగ్గర నిలబడుతుంది. సెట్టు పాడైందని అనుకోకండి. ఎల్ఈడీ బల్బులు, సీసీ కెమెరా అడాప్టర్లు, వైఫై రూటర్లు, ఇన్వర్టర్, లిఫ్ట్ మోటారు డ్రైవ్, అన్నీ స్విచింగ్ సర్క్యూట్లే, అన్నీ రేడియోలో అరుస్తాయి.

కనిపెట్టే పద్ధతి: సెట్టును 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుతూ, 7.1 దగ్గర వింటూ, ఇంట్లో ఎంసీబీలను ఒక్కొక్కటే దించండి. ఏది దించితే రొద తగ్గిందో ఆ గదికి వెళ్లి ప్లగ్గులు తీస్తూ రండి. దొంగ సాధారణంగా ఒకటి రెండు చవక అడాప్టర్లే. వాటిని మార్చేయండి, లేదా వైరును ఫెరైట్‌లో ఐదారు చుట్లు తిప్పండి. అన్నీ దించినా తగ్గకపోతే అది పక్క ఫ్లాట్లది. అప్పుడు డైపోల్‌ను మిద్దె మీద మరో మూలకు జరపడం, వినడానికి విడిగా చిన్న లూప్ యాంటెన్నా పెట్టడం తప్ప దారి లేదు. లూప్‌ను తిప్పితే ఒక దిక్కు నుంచి వచ్చే రొదను చాలావరకు అణచవచ్చు. పొరుగువాళ్ళతో గొడవ పెట్టుకోవద్దు. అసోసియేషన్‌కు మీ లైసెన్సు కాపీ ముందే ఇచ్చి పెట్టుకుంటే రేపు వాళ్ళ టీవీలో గీతలు వచ్చినా మాట మంచిగా సాగుతుంది.

వినడం, మాట్లాడటం

ఒక వారం వినండి. పొద్దున 40 మీటర్ల మీద విజయవాడ, బెంగళూరు, చెన్నై బాగా వస్తాయి. ఎత్తు తక్కువ డైపోల్ తరంగాలను నిట్టనిలువుగా పైకి పంపుతుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్ల దూరాలకు అదే మంచిది. మధ్యాహ్నం సంకేతాలు బలహీనపడతాయి. చీకటి పడ్డాక దగ్గరివాళ్ళు మాయమై దూరాలు తెరుచుకుంటాయి.

చెవి తగ్గినవాళ్ళు స్పీకర్ బదులు చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్ వాడాలి. మోర్స్ ధ్వనిని 500 హెర్ట్జ్ దగ్గరకు దించుకోండి. వయసుతో ముందు తగ్గేది పైస్థాయి ధ్వనులే.

మొదటి పిలుపు నెట్‌లోనే (హ్యామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద చేరి వంతులవారీగా మాట్లాడుకునే కూడిక) చేయండి. దాన్ని నడిపే కంట్రోల్ స్టేషన్ చెక్-ఇన్‌లు అడిగినప్పుడు కాల్‌సైన్ ఫొనెటిక్స్‌లో (ఒక్కో అక్షరానికి ఒక్కో మాటగా) ఒక్కసారే చెప్పి ఆగండి. 'చాలా ఏళ్ల తర్వాత వస్తున్నాను, ఆడియో ఎలా ఉంది?' అని అడగండి. అందరూ ఓపికగా చెప్తారు. ఆడియో చిందరవందరగా ఉందంటే మైక్ గెయిన్ తగ్గించండి. పెంచడం వల్ల పవర్ పెరగదు, పక్క ఫ్రీక్వెన్సీలకు చిమ్ముతుంది.

మీరు లేనప్పుడు వచ్చిన పెద్ద మార్పు ఎఫ్‌టీ8. 2017లో వచ్చిన ఈ డిజిటల్ పద్ధతిలో 15 సెకన్ల విడతల్లో కంప్యూటర్లు మాట్లాడుకుంటాయి. చెవికి వినపడనంత బలహీన సంకేతాలు కూడా దొరుకుతాయి కాబట్టి, రొద ఎక్కువున్న అపార్ట్‌మెంట్లకు వరమే. 7.074, 14.074, 21.074 మెగాహెర్ట్జ్ దగ్గర వెతకండి. కంప్యూటర్ గడియారం ఒక సెకను కన్నా ఎక్కువ తప్పితే ఏమీ డీకోడ్ కాదు, మొదటిరోజు తలనొప్పి అదే. ఇందులో అడిగే గ్రిడ్ (మీరున్న చోటును తెలిపే కోడ్) హైదరాబాద్‌కు ఎంకే97. పవర్ 30 వాట్లు దాటించకండి. ఈ పద్ధతిలో సెట్టు విడత పొడుగునా పూర్తి పవర్ మీద ఉంటుంది, పాత ఫైనల్స్ (యాంటెన్నాకు పవర్ ఇచ్చే చివరి ట్రాన్సిస్టర్లు లేదా వాల్వులు) వేడెక్కి పోతాయి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పడితే కేబుల్‌ను సెట్టు నుంచి తీసి, కిటికీ బయట వదిలేయండి. ఉరుము వినపడ్డాక అయితే మాత్రం కేబుల్ ముట్టుకోవద్దు.