ల్యాప్‌టాప్‌పై చాయ్ ఒలికితే

కీబోర్డుపై ఇరానీ చాయ్ ఒలికిన మరుక్షణం, ఫైలు సేవ్ చేసుకుందామన్న ఆశ కూడా మానుకుని, గోడ దగ్గర స్విచ్ ఆపి, ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను సుమారు 10 సెకన్లు నొక్కి పట్టి యంత్రాన్ని పూర్తిగా ఆపివేయాలి. ఆ తర్వాత మూత తెరిచి, తువ్వాలుపై గుడారంలా బోర్లించాలి. మంచినీళ్లకన్నా చాయ్ ప్రమాదకరం. అందులోని పాలు, చక్కెర లోపలి ప్రధాన సర్క్యూట్ పలక అయిన మదర్‌బోర్డుపై జిగురుగా మిగిలి, తేమను పట్టి ఉంచి, విద్యుత్తు తగిలినప్పుడు రాగి గీతలను తినేస్తాయి. బియ్యం డబ్బాలో పెట్టినంత మాత్రాన ఆ జిగురు పోదు, పైగా నూక రంధ్రాల్లో చేరుతుంది. ఆన్ అవుతుందేమో చూద్దామన్న ఆత్రమే చాలా యంత్రాలను చంపుతుంది. వీలైతే అదే రోజు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వంటి చోట విప్పించి, బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయించండి. ఏం ఒలికిందో మాత్రం మెకానిక్ దగ్గర దాచకండి.