బహిరంగ పాఠాల్లో పిల్లలందరికీ చోటు కల్పించే విధానం

ఎవరైనా ఉచితంగా వాడుకొని, తమ అవసరానికి తగినట్టు మార్చి, తిరిగి పంచుకోగలిగిన పాఠాలను బహిరంగ విద్యా వనరులు అంటారు. ఇవి అందరినీ కలుపుకొనేలా ఉండాలని 2019 నవంబరులో యునెస్కో ఆమోదించిన సిఫారసు స్పష్టంగా కోరింది. తిరుపతి, చిత్తూరు జిల్లాల ఉపాధ్యాయులు ఉచితంగా దొరికిన పాఠాన్ని తమ తరగతికి మలచుకోదలిస్తే ముందు దాన్ని ఎలా వాడుకోవచ్చో తెలిపే లైసెన్సు చూడాలి. ఇలాంటి పాఠాలకు రచయితలు ఇచ్చే క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సులో ‘ఎన్‌డీ’ అని ఉంటే, మార్చిన పాఠాన్ని ఇతరులకు పంచే అనుమతి ఉండదు. ‘బీవై-ఎస్ఏ’ అయితే మూల రచయితను పేర్కొని, చేసిన మార్పులు తెలిపి, అదే లైసెన్సుతో విడుదల చేయవచ్చు.

అసలు శ్రమ ఉదాహరణల దగ్గర మొదలవుతుంది. నగరి, సత్యవేడు ప్రాంతాల్లో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలున్నారు. కుప్పంలో తమిళంతో పాటు కన్నడమూ వినిపిస్తుంది. యానాది, సుగాలి గిరిజన కుటుంబాల పిల్లలూ ఇవే బడుల్లో చదువుతారు. పాఠంలో పేర్లు మార్చి ఊరుకుంటే సరిపోదు, ఆ పేరుగల మనిషి పాఠంలో ఏం చేస్తున్నాడో చూడాలి. యానాది బాలుడు ఎప్పుడూ సాయం అందుకొనేవాడిగానే కనిపిస్తే ఆ పాఠం అతన్ని చిన్నబుచ్చుతుంది. పులికాట్ సరస్సులో చేపల రాకపోకలను గమనించి చెప్పగల వాడిగా కనిపిస్తే అదే సైన్సు పాఠానికి బలం వస్తుంది. శాతాల లెక్కలో తోతాపురి మామిడి కాయల ధర తేల్చే రైతు మహిళే కావచ్చు, నగరి మరమగ్గం మీద కూలి లెక్కించుకొనేదీ ఆమే కావచ్చు. ఏ సముదాయం గురించి రాస్తున్నామో ఆ పెద్దలకు చదివి వినిపించి, వారు వద్దన్న మాటను నిస్సంకోచంగా తీసేయాలి. కఠినమైన పారిభాషిక పదాల పక్కన తమిళ, కన్నడ సమానార్థకాలను తెలుగు లిపిలోనే ఇవ్వవచ్చు.

చూపు లేని విద్యార్థుల కోసం పాఠాన్ని ఏ కంప్యూటరైనా గుర్తించే అక్షర ప్రమాణమైన యూనికోడ్‌లోనే టైపు చేయాలి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల పాఠాన్ని, స్కాన్ చేసిన పుటను ఎన్‌వీడీఏ వంటి, తెర మీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సరిగా చదవలేదు. ప్రతి బొమ్మకూ వివరణ, వీడియోకు తెలుగు ఉపశీర్షికలు జతచేయాలి. డేటా తక్కువగా ఉన్న ఇళ్ల కోసం అచ్చు వేసుకోదగిన ప్రతి కూడా ఉండాలి.

విడుదలకు ముందు పాఠాన్ని వేర్వేరు నేపథ్యాల విద్యార్థుల చేత చదివించి, వారు ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకోవాలి. తర్వాత మార్చుకోవడానికి వీలుగా వర్డ్ ఫైలును కూడా పీడీఎఫ్‌తో కలిపి ఉంచాలి.